అన్నం కలపని చెయ్యి

డిటెక్టివ్ యలమంద బస్సు దిగి కాలేజీ గేటులో కాలు పెట్టాడో లేదో, మంత్రసాని జానీబీకి దొరికిపోయాడు. గుంటూరులో ఆయన గది బయట ఇత్తడి బోర్డు ఉంది. పేపర్లో రెండుసార్లు పేరు పడింది. పోలీసులు కూడా ఆయన్ని కాస్త మర్యాదగానే తిట్టుకుంటారు. సొంతూరు పేర్లపాడులో మాత్రం ఆయన జానీబీ చేతుల్లో పుట్టిన యలమందగాడు. ఊళ్లో సగం మంది అలా పుట్టినవాళ్లే కాబట్టి అందులో ఎవరికీ చిన్నతనం లేదు.

"ఇప్పుడారా రావడం?" అంది ముసలావిడ. "టెలిగ్రాం ఎప్పుడు కొట్టించాను?"

"బస్సు టైరు పోయింది మామ్మా. కాసిని మంచినీళ్లన్నా తాగనిస్తావా?"

"పుట్టేటప్పుడూ ఇంతే. రెండు రాత్రులు మీ అమ్మనీ నన్నూ కూర్చోబెట్టి తీరిగ్గా వచ్చావు. ఒరేయ్, నా మనవరాల్ని దొంగంటున్నారు. రెండింటికి కెమిస్ట్రీ ప్రాక్టికలు. ఆ గంట కొట్టేసరికి పిల్ల లోపల ఉండాలి. నువ్వేం చేస్తావో నాకు తెలీదు."

మనవరాలి పేరు రహిమున్నీసా. పి.యు.సి. చదువుతోంది. తండ్రి అల్లాబక్షు నేతగాళ్లకు నూలు రంగులద్ది ఇస్తాడు. ముసలావిడకు ఒకటే కోరిక, తను మంత్రసాని అయితే మనవరాలు డాక్టరమ్మ కావాలి. ఈ ప్రాక్టికలు పోతే ఏడాది పోతుంది, మెడికల్ కాలేజీ సీటు మాట ఎత్తే పని ఉండదు. ఏడాది తిరిగొచ్చినా దొంగ అన్న పేరు పోదు. యలమంద మంచినీళ్ల సంగతి మర్చిపోయి ల్యాబు వైపు నడిచాడు.

ల్యాబు పక్కనే మిరపకాయల గోడౌను. మార్చి నెల, కొత్త కాయ దిగుతోంది. వరండాలో నోటుపుస్తకాలు పట్టుకుని నిలబడ్డ పిల్లలందరూ తుమ్ముతూనే సాల్టుల పరీక్షలు వల్లెవేసుకుంటున్నారు. ఒకడు "క్లోరైడూ" అని తుమ్మితే రెండోవాడు "సల్ఫేటూ" అని తుమ్మాడు. యలమందకు నవ్వొచ్చింది. ఆయనా ఒకప్పుడు కెమిస్ట్రీ చదివినవాడే. డిగ్రీ చేతికి రాలేదు గానీ ఆ పిచ్చి మాత్రం వదల్లేదు.

స్టోరు గదిలో, లెక్చరర్ కూర్చునే కుర్చీలో, ఇన్‌స్పెక్టర్ సీతారామాంజనేయులు కూర్చుని నిమ్మకాయ సోడా తాగుతున్నాడు. తరవాతి సోడాకని కోసి పెట్టిన నిమ్మచెక్క సాసర్లో ఉంది.

"రండి రండి, గూఢచారి గారూ. పాపం ఎండన పడి వచ్చారు. కేసు అయిపోయింది."

"అట్లాగా? పోయిన వస్తువు దొరికిందాండీ?"

"దొంగ దొరికింది. వస్తువు దానంతటదే వస్తుంది."

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అన్నాడు యలమంద. "ఏం పోయిందో కాస్త చెబుతారా?"

ఆ మాటకు జవాబు లెక్చరర్ యేసుపాదం మాస్టారు చెప్పాడు. మనిషి పొడుగు, గొంతు మెత్తన, రాత్రి నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. పోయింది ప్లాటినం మూస. కుంకుమ భరిణంత గిన్నె. కాలేజీ పెట్టినప్పుడు ఊరి మిర్చి వ్యాపారి ఒకాయన సరదా కొద్దీ మద్రాసు నుంచి తెప్పించి ఇచ్చాడు. అంతటి వస్తువును పొయ్యి మీద పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలక ఇన్నేళ్లుగా మఖమలు పెట్టెలోనే దాచారు. బీరువా తాళంచెవి త్రాసు వెనక మేకుకు వేలాడుతుంది. అది అక్కడుంటుందని పిల్లలతో సహా అందరికీ తెలుసు.

"నిన్న సాయంత్రం మోడల్ ప్రాక్టికలు అయింది. అందరూ వెళ్లాక అటెండరు పానకాలు వచ్చి చూస్తే బీరువా తలుపు వారగా తీసి ఉంది. మఖమలు పెట్టె ఖాళీ. దాని పక్కన సిల్వర్ నైట్రేటు సీసా పడిపోయి ఉంది," అన్నాడు మాస్టారు.

"ఇక నేను చెబుతాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "సిల్వర్ నైట్రేటు చేతికి అంటితే అప్పుడేం కనపడదు. వెలుతురు తగిలాక నల్లబడుతుంది. సబ్బు పెట్టినా, రాయి పెట్టి రుద్దినా పోదు. మాస్టారే చెప్పారు నాకు. పొద్దున క్లాసులో అందరి చేతులూ చూపించమన్నాను. ఎవరి వేళ్లు నల్లగా ఉన్నాయి? ఆ పిల్లవి. నిన్న స్టోరు గదిలోంచి ఆఖరున బయటికొచ్చింది ఎవరు? ఆ పిల్లే. వేళ్లు ఎందుకు నల్లబడ్డాయమ్మా అంటే నోరు విప్పదు. ఇంకేం కావాలి మీకు?"

"ప్రిన్సిపాల్ గారేమంటారు?"

"ఆ పిల్ల దొంగ కాదని నేనంటే తప్ప పరీక్షలో కూర్చోనివ్వనన్నారు. నేను అనను."

యలమంద బీరువా తలుపు తీశాడు. పై అరలో సీసా పడ్డచోట చెక్క మీద చెయ్యంత మచ్చ నల్లగా నిగనిగలాడుతోంది. కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆ అర మీదే పడుతోంది. మచ్చకు ఒక అంచున మూడు వేళ్లు జారినట్టు గీతలున్నాయి. ఆయన తన వేళ్లు వాటి పక్కన పెట్టి చూసుకున్నాడు. తన చేతికంటే లావు వేళ్లు అవి. జారితే తడి పలచబడి వెడల్పవుతుందేమో, ఇదొక్కటే నమ్ముకుంటే ఇన్‌స్పెక్టరు నవ్వుతాడు. తలుపు మూశాడు.

"ఒక్కసారి ఆ అమ్మాయితో మాట్లాడనివ్వండి."

"మాట్లాడుకోండి. నా సోడా అయ్యేలోపు వచ్చేయండి."

త్రాసు గదిలో రహిమున్నీసా వోణీ చెంగులో చేతులు చుట్టుకుని కూర్చుంది. ఏడ్చిన ముఖం కాదు, ఏడవనని పంతం పట్టిన ముఖం. చేతులు చూపించమంటే చూపించింది. కుడిచేతి వేళ్ల కొసలు కాటుక పూసినట్టు నల్లగా ఉన్నాయి. యలమంద చూపు అక్కడ ఆగలేదు. గాజుల దాకా చెయ్యంతా లేత పసుపుగా ఉంది. ఆయన వంగి వాసన చూశాడు. వగరు వాసన.

"నిన్న క్లాసులో ఏం చేశావమ్మా?"

"నైట్రేటుకి బ్రౌన్ రింగు టెస్టండి."

"అంటే అన్నభేది ముట్టుకున్నావు."

"ఫెర్రస్ సల్ఫేటండి," అంది పిల్ల. అంత కష్టంలోనూ పేరు సరిచెయ్యకుండా ఉండలేకపోయింది. "చెంచా అవతలి బెంచీ వాళ్ల దగ్గరుంది. ఆలస్యమవుతుందని స్ఫటికాలు వేళ్లతోనే తీశాను."

యలమందకు ఆ పిల్ల అప్పుడే నచ్చేసింది.

"నిన్న పొద్దున ఇంట్లో ఏం చేశావు?"

"చదువుకున్నానండి."

"ఏం చదివావు?"

"కెమిస్ట్రీ."

"కెమిస్ట్రీ చదివితే చేతులు పసుపు పచ్చగా అవవమ్మా. కరక్కాయ నీళ్లలో నూలు పిసికితే అవుతాయి."

పిల్ల గబుక్కున చేతులు చెంగులోకి లాక్కుంది. అవతల వరండాలో తుమ్ములు వినపడుతున్నాయి.

"మాస్టారికి చెప్పొద్దండి," అంది చివరికి. "ఆయన సంక్రాంతి వెళ్లాక మా ఇంటికొచ్చి, రంగు బానల మధ్య నిలబడి, పరీక్షలయ్యేదాకా నా చెయ్యి బానలో పెట్టనివ్వనని మా నాన్న చేత ఒట్టు వేయించారు. మా నాన్న ఎప్పుడూ ఒట్టు తప్పలేదు. నిన్న పనివాళ్లిద్దరూ రాలేదు. నానబెట్టిన నూలు అట్లాగే వదిలేస్తే పాడవుతుంది. నాన్న వద్దు వద్దంటున్నా నేనే చెయ్యి పెట్టాను. ఇప్పుడీ సంగతి చెబితే మా నాన్న మాట తప్పాడంటారు."

"నిన్ను దొంగంటే ఫర్వాలేదా?"

"నేను దొంగని కాదు కదండి. అది ఎప్పటికైనా తెలుస్తుంది. ఒట్టు తప్పాడన్న మాట పడితే మళ్లీ పోదు."

యలమంద లేచాడు. ఇంత గట్టి పిల్లను ఇంత చిన్న సంగతికి ఏడాది పోగొట్టుకోనిస్తే, ఇత్తడి బోర్డు తీసి బావిలో వేసుకోవాలి అనుకున్నాడు.

"నాతో రా. నీ నోటితో నువ్వు ఒక్క మాట కూడా చెప్పక్కర్లేదు."

స్టోరు గదిలోకి వస్తూనే ఆయన సాసర్లోంచి నిమ్మచెక్క తీసుకున్నాడు.

"అది నాది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ప్రభుత్వం తరఫున వాడుతున్నానండి."

బీరువా తెరిచి ఆ నల్లమచ్చ మీద నిమ్మచెక్క గట్టిగా పిండి, రుద్ది, కాసేపు ఆగి, గుడ్డతో తుడిచాడు. మచ్చ ఉన్నది ఉన్నట్టే ఉంది. ఇన్‌స్పెక్టరును రమ్మని చూపించాడు. ఆయన చూసి, "పోదని నేనే చెప్పాగా," అన్నాడు.

"అవును, మీరే చెప్పారు. గుర్తుపెట్టుకోండి." యలమంద అదే నిమ్మచెక్క రహిమున్నీసా చూపుడువేలి మీద పిండాడు. నెమ్మదిగా రుద్దమన్నాడు. పిల్ల రుద్దింది. నలుపు ముందు నీలంగా మారింది, తరవాత బూడిదరంగు అయింది, ఆ తరవాత రసంతోపాటు కారిపోయింది. కింద మామూలు వేలు కనపడింది.

పిల్ల రెండో వేలు తనే రుద్దుకుంది. తరవాత మూడోది.

"ఇది వెండి నలుపు కాదు, ఇనుము నలుపు," అన్నాడు యలమంద. "కరక్కాయ వగరూ అన్నభేదీ కలిస్తే నల్లసిరా అవుతుంది. మీ తాతల కాలంలో దాంతోనే దస్తావేజులు రాశారు. బట్టల మీద నల్లగీతలు దాంతోనే దిద్దుతారు. దానికి నిమ్మరసం పడదు. సిల్వర్ నైట్రేటుకి నిమ్మరసం లెక్కే లేదు. ఈ అమ్మాయి ఆ సీసా ముట్టుకోలేదు ఇన్‌స్పెక్టరు గారూ."

యేసుపాదం మాస్టారి ముఖం వెలిగిపోయింది. మరుక్షణమే చిన్నబోయింది. "కరక్కాయ ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని మెల్లగా అడిగి, సమాధానం తనే తెలుసుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి గేటు వైపు కేక పెట్టాడు. "అల్లాబక్షూ."

అల్లాబక్షు తన తల్లి జానీబీ వెనక నిలబడి ఉన్నాడు. పొద్దుటినుంచీ అక్కడే ఉన్నాడు గానీ ఎవరికీ కనపడలేదు. తలపాగా తీసి బుర్ర గోక్కుంటూ వచ్చి కిటికీ కింద నిలబడ్డాడు.

"తప్పు నాదే మాస్టారూ. పనోళ్లు రాలేదు. వద్దంటే వినలేదు అది. మీకేసిన ఒట్టు తప్పాను. నా తల మీద ఏం పెడతారో పెట్టండి."

"మరి పొద్దుటినుంచీ నోరు మూసుకుని నిలబడ్డావేంరా?" అంది జానీబీ వెనక నుంచి.

"ఆ నలుపు కరక్కాయదని నాకెవరు చెప్పారమ్మా? దొంగతనం మచ్చ అన్నారు. పిల్లేమో నా కేసి చూడదాయె. వేళ్లు చూడనిస్తే నేనే చెప్పేవాణ్ణి."

"రోజూ అదే నలుపు అద్దుతావు కదరా."

"నూలుకి అద్దుతానమ్మా. కూతురికి అద్దుతానా?"

మాస్టారు నవ్వేశాడు. ఆయన నవ్వాక పిల్లా నవ్వింది, వరండాలో పిల్లలూ నవ్వారు, ఎందుకో తెలియనివాళ్లు కూడా నవ్వారు. ప్రిన్సిపాల్ గారు తొంగిచూసి, సంగతి విని, "వెళ్లమ్మా వెళ్లు, హాల్ టికెట్టు తీసుకో," అన్నారు. రెండు గంటలయింది. బెల్లు మోగింది. రహిమున్నీసా నిమ్మరసం చేతులతోనే ఒక్క పరుగున హాల్లోకి వెళ్లింది. జానీబీ వచ్చి యలమంద నెత్తిన రెండు చేతులూ పెట్టి మెటికలు విరుచుకుంది.

ఇన్‌స్పెక్టరుకు మాత్రం ఇదేమీ సరదాగా లేదు.

"నా సోడా పోయింది, నా దొంగా పోయింది. మరి వస్తువు ఎవరు తీశారో అది కూడా సెలవియ్యండి."

"వెతుకుదాం. మూడు వేళ్లు నల్లగా ఉన్న మనిషి ఇక్కడే ఎక్కడో ఉండాలి. పానకాలూ, నీ చేతులు చూపించు."

అటెండరు పానకాలు చేతులు చాపాడు. శుభ్రంగా ఉన్నాయి. మాస్టారివీ చూశారు, బాగానే ఉన్నాయి. పానకాలు మాటకారి. చేతులు వెనక్కి తీసుకుంటూనే అందుకున్నాడు.

"నేనెందుకు తీస్తానండి దాన్ని? నాకు పొద్దుటినుంచీ ఊపిరాడితేగా. యూనివర్సిటీ నుంచి ఎగ్జామినరు గారొచ్చారు. ఆయనకి ప్రిన్సిపాల్ గారింట్లో భోజనం. సుబ్బరావమ్మ గారు పాపం చీకటితో లేచి గోంగూర పప్పు, దోసావకాయ, పెరుగువడలు చేశారు. ఆయన విస్తరి ముందు కూర్చుని చెంచా ఉందా అన్నాడు. గోంగూరకి చెంచా ఏంటండి? ఇల్లంతా వెతికితే నేతి గిన్నెలో చెంచా దొరికింది. దాంతోనే పప్పన్నం తిన్నాడు, ఎడంచేత్తో. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. వంటింట్లోకి వెళ్లి ఒకటే బాధపడింది."

ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు. "ఊళ్లో వాళ్ల భోజనాలు నాకెందుకయ్యా?"

"చెప్పనివ్వండి," అన్నాడు యలమంద. "చెంచా ఎందుకట?"

"రైలు తలుపులో కుడిచేతి వేళ్లు పడ్డాయటండి. రుమాలు కట్టుకున్నాడు."

"పాపం. మరి పరీక్ష కాగితాలన్నీ ఎవరు రాస్తున్నారు?"

"ఆయనేనండి. పిల్లల నంబర్లన్నీ నా ముందే రాసేశాడు. రుమాలు కట్టుతోనే. దస్తూరీ ముత్యాలే."

యలమంద కాసేపు పానకాలు ముఖం కేసే చూస్తూ ఉండిపోయాడు. పానకాలు భయపడి తన ముఖం తుడుచుకున్నాడు.

"వేళ్లు నలిగినవాడికి అన్నం కలపడం తేలిక, పెన్ను పట్టడం కష్టం," అన్నాడు యలమంద. "ఈయనకి తిరకాసుగా ఉంది. పెన్ను పట్టడానికి రుమాలు విప్పక్కర్లేదు. అన్నం కలపడానికి విప్పాలి. విప్పడం ఇష్టం లేకే గోంగూరని చెంచాతో తిన్నాడు. స్టేషనుకి ఎవరు వెళ్లారు ఆయన్ని తీసుకురావడానికి?"

"మేమందరం వెళ్లామండి, దండ పట్టుకుని. తెల్లారుజామున బెజవాడ ప్యాసింజరు. బండి ఇంకా ఆగనే లేదు, ఈయన ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. ముందు పెట్టెలోంచి దూకి ఉంటాడనుకున్నాం. దండ వేసేశాం."

"అంటే ముందురోజే ఊళ్లో దిగాడు. మాస్టారూ, ఈయన ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చాడా?"

యేసుపాదం మాస్టారు నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. "పోయినేడు కూడా ఈయనే. ప్లాటినం మూస చూపించమన్నారు. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. మా దగ్గర కూడా ఇంత మంచిది లేదండి అన్నారు. తాళంచెవి మళ్లీ మేకుకు తగిలించింది కూడా ఆయనే. నేనే తగిలించమన్నాను." మాస్టారు నుదుటి మీద చేత్తో కొట్టుకున్నాడు. నిన్న మోడల్ ప్రాక్టికలుకి బయటి పిల్లలూ, వాళ్ల అన్నలూ, మామలూ బోలెడుమంది వచ్చారు, అందులో ఒక పెద్దమనిషి వెనక గుమ్మంలోంచి వస్తే ఎవరు పట్టించుకుంటారు అని తనలో తనే అనుకున్నట్టు అన్నాడు.

ఇన్‌స్పెక్టరు సీతారామాంజనేయులు లేచి బెల్టు సర్దుకున్నాడు. ఆయన ముఖంలో మళ్లీ కళ వచ్చింది.

"బాగుంది. ఇప్పుడే వెళ్లి రుమాలు ఊడదీస్తాను."

"వద్దు," అన్నాడు యలమంద, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"ఏంటి వద్దు? మీరే కదా దొంగని చూపించింది."

"ఇప్పుడు పట్టుకుంటే పరీక్ష ఆగిపోతుంది. ఇంకో ఎగ్జామినరుని ఎప్పుడు పంపుతారో, అసలు పంపుతారో లేదో. లోపలున్న పిల్లలందరి ఏడాదీ గాల్లో వేలాడుతుంది. పొద్దుటినుంచీ ఆ పిల్లని నిలబెట్టింది చాలదా మీకు?"

"మధ్యలో వాడు పారిపోతే?"

"ఎక్కడికి పారిపోతాడు? రైలు సాయంత్రానికి గానీ లేదు. ముందు గుమ్మంలో మీరు, వెనక గుమ్మంలో మీ వాళ్లు."

"మీరు నాకు డ్యూటీ నేర్పక్కర్లేదు."

"నేర్పడం లేదు. బతిమాలుతున్నాను."

ఆ మాట యలమంద నోటి నుంచి వస్తుందని ఇన్‌స్పెక్టరు అనుకోలేదు. కొంచెంసేపు మీసం సవరించుకున్నాడు. "మా పెద్దపిల్ల కూడా ఈ దిక్కుమాలిన కెమిస్ట్రీలోనే పోయిందిలెండి పోయినేడు," అన్నాడు గొణుక్కుంటూ. "మూడు రోజులు అన్నం తినలేదు. సరే. పరీక్ష అయ్యేదాకానే." వెళ్లి పరీక్ష హాలు ముందు గుమ్మం పక్కన బెంచీ లాక్కుని కూర్చున్నాడు.

యలమంద కిటికీ పక్కన చేరాడు. హాల్లో ఆ చివర ఎత్తుబల్ల మీద ఎగ్జామినరు కూర్చుని ఉన్నాడు. సిల్కు లాల్చీ, బంగారు ఫ్రేము కళ్లజోడు, చల్లని ముఖం. కుడిచేతికి తెల్లరుమాలు. పిల్లలకు పేరుపేరునా సాల్టు పొట్లాలిచ్చి, భయపడకండమ్మా అని ధైర్యం కూడా చెప్పాడట. యలమంద చూపు మాటిమాటికీ ఆయన్ని వదిలేసి మూడో బెంచీ మీదికి పోతోంది.

రహిమున్నీసా తెల్లపొడి కాస్త టెస్ట్‌ట్యూబులో వేసి మంట మీద పట్టింది. పొడి చిటపటలాడింది, గొట్టంలో ఎర్రటి పొగ లేచింది. పిల్ల పెదాలు బిగించి ఏదో రాసుకుంది. ఇంకో ట్యూబులో ద్రావణం తీసుకుని పొటాషియం అయొడైడు రెండు చుక్కలు వేస్తే పచ్చగా విరిగింది, పసుపు కలిపినట్టు. దాన్ని నీళ్లతో మరిగించింది. పచ్చదనమంతా కరిగి మాయమైంది. తరవాత ట్యూబుని కొళాయి కింద చల్లార్చి, కిటికీ వెలుగులో పైకెత్తి పట్టుకుంది.

ట్యూబు నిండా బంగారు రజను. సన్నని రేకులు తళతళమంటూ తిరుగుతూ కిందికి దిగుతున్నాయి. సీసం సాల్టు తప్ప ఇంకేదీ ఆ తళుకు ఇవ్వదు. పిల్ల ఒక్కతే నవ్వుకుంది, ఎవరికీ చూపించకూడదు కదా అని పెదవి కొరుక్కుని మరీ నవ్వుకుంది. కిటికీ ఇవతల డిటెక్టివ్ యలమంద కూడా, వయసు మర్చిపోయి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. ఆయన చదువుకున్న రోజుల్లో ఈ ఒక్క పరీక్ష కోసమే ల్యాబుకి వెళ్లేవాడు.

గంట మోగింది. పిల్లలు ఒక్కొక్కళ్లే ఎత్తుబల్ల దగ్గరికి వెళ్లి తమ సాల్టు పేరు చెప్పి, కాగితమిచ్చి వెళ్లిపోతున్నారు. ఎగ్జామినరు ఒక పొడుగాటి షీటు మీద మార్కులు వేస్తున్నాడు. ఆఖరున రహిమున్నీసా మిగిలింది. యలమంద లోపలికి వెళ్లి చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. ఎగ్జామినరు తలెత్తి ఆయన్ని చూశాడు. గుమ్మంలో ఖాకీ చొక్కా చూశాడు. వెనక గుమ్మం వైపు చూశాడు. ముఖంలో చల్లదనం చెక్కు చెదరలేదు.

"ఏం సాల్టమ్మా?"

"లెడ్ నైట్రేటండి."

"ఎట్లా చెప్పగలవు?"

పిల్ల చెప్పింది. గుక్క తిప్పుకోకుండా చెప్పింది, పొగ రంగు, పచ్చ విరుగుడు, బంగారు రజను, బ్రౌన్ రింగు. ఎగ్జామినరు నిజంగా సంతోషంగా విన్నాడు. ఎంతైనా కెమిస్ట్రీ మనిషి.

"కరెక్టు. ఇరవైకి ఇరవై. ఈ పూట ఇంకెవ్వరికీ వెయ్యలేదు. నువ్వు చాలా దూరం వెళతావు తల్లీ."

ఆమె చూస్తుండగానే అంకె వేశాడు. రహిమున్నీసా దణ్ణం పెట్టి, గుమ్మం దాకా మెల్లగా నడిచి, అక్కణ్ణుంచి పరుగు లంకించుకుంది. ఒక్క నిమిషంలో బయట గోల మొదలైంది. జానీబీ గొంతు అందరికంటే పైకి వినపడుతోంది. అల్లాబక్షు ఎవరినో కావిలించుకున్నట్టున్నాడు, యేసుపాదం మాస్టారు "ఊపిరాడటం లేదయ్యా" అంటున్నాడు.

హాల్లో ఎగ్జామినరు పెన్నుకు క్యాపు పెట్టి జేబులో గుచ్చుకున్నాడు. పక్క బెంచీ మీద ఇంకా వెలుగుతున్న స్పిరిట్ దీపాన్ని ఎడంచేత్తో దగ్గరికి లాక్కున్నాడు. మార్కుల షీటు మడత విప్పి, ఒక అంచు పట్టుకుని, దీపం మీద జానెడెత్తున వేలాడదీశాడు. షీటు అడుగున సంతకం చెయ్యాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"ఆ అమ్మాయి చేతులు పొద్దున నేనూ చూశాను," అన్నాడు నెమ్మదిగా. "ఇన్‌స్పెక్టరు గారి సంతోషం చూసి నేను తప్పించుకుంటానని కాస్త నమ్మకం కలిగింది. మీరొస్తారని ఎవరూ చెప్పలేదు. మీ ఇన్‌స్పెక్టరు గారిని గుమ్మంలోంచి తప్పుకోమనండి. నేను స్టేషనుకి వెళ్లాలి. రైలు కదిలాక సంతకం పెట్టి కిటికీలోంచి మీకే ఇస్తాను."

"ఇవ్వకపోతే?"

"ఆ పిల్ల ఇరవై మార్కులూ నా దయ మీద ఉన్నాయి. అందరివీ అంతే. ఇంకో కాపీ లేదు."

ఇన్‌స్పెక్టరు ఒక అడుగు ముందుకు వేశాడు. ఎగ్జామినరు చెయ్యి కిందికి దించాడు. కాగితం అంచు గోధుమరంగు తిరిగి, ముడుచుకోవడం మొదలుపెట్టింది.

"ఆగండి," అన్నాడు యలమంద, ఇన్‌స్పెక్టరుకు చెయ్యి అడ్డం పెట్టి. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినపడింది. బయట జానీబీ ఊరందరికీ పేరుపేరునా చెబుతోంది, మా పిల్ల డాక్టరైపోయిందర్రా అని.